ఎడమ కిటికీయా, కుడి కిటికీయా?



మండువేసవిలో పల్లెవెలుగు బస్సెక్కిన మనిషి ముందుగా ఏం చూస్తాడు? ఎండ ఏ వైపు పడబోతోందో చూస్తాడు. పొద్దున్నే ఉత్తరానికి పోయే బస్సయితే ఎండంతా కుడివైపు సీట్ల మీదే. అందుకే ముందొచ్చినవాళ్లు ఎడమవైపు సర్దుకుంటారు. వెనకొచ్చినవాళ్లు కుడివైపు కూర్చుని, కిటికీకి తువ్వాలు అడ్డం కట్టుకుంటారు. ఈ లెక్క ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పలేదు. అయినా అందరికీ వచ్చు.

అదే మనిషి విమానం టికెట్ కొన్నప్పుడు మాత్రం ఈ లెక్క మరిచిపోతాడు. కిటికీ సీటు దొరికితే చాలనుకుంటాడు. ఎడమా, కుడా అని ఆలోచించడు. తీరా ఢిల్లీ నుంచి కాఠ్మాండు వెళ్తుంటే, అవతలివైపు వాళ్లు మంచుకొండలు చూసి కేరింతలు కొడుతుంటారు. తన కిటికీలోంచి మాత్రం పొగమంచు పట్టిన మైదానం కనిపిస్తుంటుంది. అక్కడికీ కిటికీ సీటు కోసం విడిగా డబ్బు కట్టి ఉంటాడు.

ఈ పావుగంటలో చెప్పుకునేది ఒక్కటే సంగతి. కిటికీ సీటు కాదు, సరైన వైపు కిటికీ సీటు. అది తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. చూడాల్సింది ఏ వైపు ఉంది? ఎండ ఏ వైపు ఉంది? రెక్క ఎక్కడుంది? ఈ మూడే. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు సీటు అక్షరాల సంగతి. మన దేశంలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే జెట్ విమానాల్లో ఎక్కువ భాగం ఎయిర్‌బస్ 320 రకానివి. కొన్ని బోయింగ్ 737లు. వీటిలో మధ్యలో ఒకే నడవ ఉంటుంది. నడవకు అటు మూడు, ఇటు మూడు సీట్లు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎ, బి, సి ఒకవైపు. డి, ఇ, ఎఫ్ మరోవైపు. కిటికీ పక్కన ఉండేవి ఎ, ఎఫ్. పైలట్ చూసే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటే, ఎ ఎడమచేతివైపు. ఎఫ్ కుడిచేతివైపు. గుర్తుపెట్టుకోవడం తేలిక. ఎ అంటే ఎడమ. మరోసారి చెప్పుకుందాం. ఎ అంటే ఎడమ, ఎఫ్ అంటే కుడి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. చూడాల్సింది ఏ వైపు ఉంది?

దీనికి మ్యాపు తీయాలి. ఫోన్లో ఉన్న మ్యాపయినా సరే, పిల్లల అట్లాసయినా సరే. బయల్దేరే ఊరి నుంచి చేరే ఊరికి వేలితో ఒక గీత గీయండి. ఆ గీత ఏ దిక్కుకు పోతోందో చూడండి. తూర్పుకు తిరిగి నిలబడితే ఎడమచేతివైపు ఉత్తరం, కుడిచేతివైపు దక్షిణం. ఇది ఒకటో రెండో తరగతిలో చదివిందే. దక్షిణానికి తిరిగితే ఎడమచేతివైపు తూర్పు, కుడిచేతివైపు పడమర. అంతకుమించి తెలియాల్సింది లేదు.

ఇందాకటి ఢిల్లీ, కాఠ్మాండు దారే తీసుకుందాం. కాఠ్మాండు ఢిల్లీకి తూర్పున, కాస్త దక్షిణంగా ఉంటుంది. హిమాలయాలు ఈ దారికి ఉత్తరాన. అంటే ఎడమవైపు. అంటే ఎ సీటు. ఆకాశం తేటగా ఉంటే ఎడమ కిటికీలోంచి ధవళగిరి, అన్నపూర్ణ, మనస్లు శిఖరాలు కనిపిస్తాయి. మూడూ 8,000 మీటర్లు దాటినవే. తిరుగు ప్రయాణంలో లెక్క తారుమారవుతుంది. అప్పుడు కుడివైపు, ఎఫ్ సీటు. వెళ్లేటప్పుడు ఎ, వచ్చేటప్పుడు ఎఫ్.

ముక్తినాథ్ యాత్రకు మన రాష్ట్రాల నుంచి ఏటా ఎంతోమంది వెళ్తారు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో అదొకటి కదా. వాళ్లలో చాలామంది కాఠ్మాండు నుంచి పోఖరాకు చిన్న విమానంలో వెళ్తారు. అరగంట కూడా పట్టదు. పోఖరా కాఠ్మాండుకు పడమర. పడమరకు పోతుంటే ఉత్తరం కుడివైపు వస్తుంది. కాబట్టి అక్కడ కుడివైపు కూర్చోవాలి. అవే కొండలు, అదే దేశం. దిక్కు మారింది కాబట్టి సీటూ మారింది.

ఎవరెస్టును చూపించడానికే కాఠ్మాండు నుంచి పొద్దున్నే బయల్దేరే విమానాలు కూడా ఉన్నాయి. ఎక్కడా దిగవు. సుమారు గంటసేపు తిప్పి, మళ్లీ కాఠ్మాండుకే తెస్తాయి. వీటిలో అందరికీ కిటికీ సీట్లే ఇస్తారు. తూర్పుకు వెళ్లేటప్పుడు ఎడమవైపు వాళ్లకు కొండలు, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు వాళ్లకు.

ఇక రెండో ప్రశ్న. ఎండ ఏ వైపు ఉంది?

బస్సులో ఎండ తప్పించుకునేది ఒంటికి వేడి తగలకూడదని. విమానంలో తప్పించుకోవాల్సింది చూపు కోసం. సూర్యుడు ఎదురుగా ఉన్న కిటికీలోంచి చూస్తే, గాజు మీది గీతలూ మరకలూ అన్నీ మెరుస్తాయి. కొండలు నల్లగా, నీడల్లా ఉంటాయి. గాలిలో ఉన్న దుమ్ము తెల్లటి పొరలా కప్పేస్తుంది. సూర్యుడు వీపు వెనక ఉంటే అదే కొండ మీద వెలుగు నిండుగా పడుతుంది. రాయీ, మంచూ, చెట్టూ వేటికవి విడిగా కనిపిస్తాయి. ఫొటో కూడా బాగా వస్తుంది.

ఉదాహరణకు ఢిల్లీ నుంచి లేహ్. లడఖ్‌లోని ఈ విమానాశ్రయం సముద్రమట్టానికి 10,000 అడుగుల కంటే ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చన. మధ్యాహ్నమయ్యేసరికి గాలి వేడెక్కి ఇంకా పల్చనవుతుంది. లోయలో ఈదురుగాలులు కూడా మొదలవుతాయి. విమానం లేవడానికీ, దిగడానికీ అది ఇబ్బంది. అందుకని లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దుటిపూటే నడుస్తాయి.

లేహ్ ఢిల్లీకి దాదాపు నేరుగా ఉత్తరాన ఉంటుంది. ఈ దారిలో కొండలు రెండువైపులా ఉంటాయి. మొదటి ప్రశ్నకు జవాబు తేలదు. అప్పుడు ఎండను అడగాలి. పొద్దుటిపూట, ఉత్తరానికి ప్రయాణం. అంటే సూర్యుడు కుడివైపు. కాబట్టి ఎడమవైపు కూర్చోవాలి. నున్, కున్ అనే జంట శిఖరాలు కూడా ఆ దారికి పడమరవైపే ఉన్నాయి. రెండూ 7,000 మీటర్లు దాటినవి. ఎడమ కిటికీలోంచి పొద్దుటి ఎండలో అవి తళతళలాడతాయి. తిరిగి పొద్దున్నే ఢిల్లీ వస్తుంటే? సూర్యుడు ఎడమవైపుకు వస్తాడు. అప్పుడు కుడివైపు, ఎఫ్ సీటు.

సూర్యుడికి అవతలివైపు కూర్చున్నవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. కింద మబ్బులుంటే, వాటి మీద విమానం నీడ పడుతుంది. ఆ నీడ చుట్టూ రంగురంగుల వలయం కనిపిస్తుంది. మబ్బులోని సన్నటి నీటిబిందువులు వెలుగును వెనక్కి తిప్పి పంపడం వల్ల ఏర్పడే వలయం అది. ఎండవైపు కూర్చున్నవాళ్లకు ఇది ఎప్పటికీ కనిపించదు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. హైదరాబాద్ నుంచి తిరుపతి. మ్యాపు మీద గీత గీస్తే అది దక్షిణానికి, కొద్దిగా తూర్పుకు ఒరిగి ఉంటుంది. శ్రీశైలం ఆ గీతకు కాస్త తూర్పున పడుతుంది. నాగార్జునసాగర్ ఇంకా తూర్పున. దక్షిణానికి పోతున్నాం కాబట్టి తూర్పంటే ఎడమ. అంటే తిరుపతి వెళ్లేటప్పుడు నల్లమల అడవి, కృష్ణ లోయ, రెండు జలాశయాలూ చూడాలంటే ఎ సీటు తీసుకోవాలి.

కానీ ఇక్కడో చిక్కుంది. దర్శనానికి వెళ్లేవాళ్లు చాలామంది తెల్లవారుజాము విమానం పట్టుకుంటారు. అప్పుడు సూర్యుడు కూడా తూర్పునే ఉంటాడు. ఎండా, జలాశయమూ ఒకే కిటికీలో పడతాయి. నీళ్లు వెండిరేకులా మెరుస్తాయి గానీ, అడవి సరిగ్గా కనిపించదు. మరేం చేయాలి? దర్శనం చేసుకుని సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చూడాలి. అప్పుడు ప్రయాణం ఉత్తరానికి. శ్రీశైలం కుడివైపుకు వస్తుంది. సూర్యుడు పడమరకు దిగి ఎడమవైపు ఉంటాడు. వెలుగంతా నల్లమల మీద పడుతుంది. కాబట్టి ఈ దారిలో సీటుకు డబ్బు కట్టాలనుకుంటే తిరుగు టికెట్‌కే కట్టాలి. సాయంత్రం, ఎఫ్ సీటు.

విజయవాడ దారిలో ఇంత తికమక లేదు. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం హైదరాబాద్‌కు తూర్పున, కాస్త దక్షిణంగా ఉంటుంది. నాగార్జునసాగర్, అమరావతి దగ్గర కృష్ణ వంపులు ఈ దారికి కుడివైపు. వేసవిలో పొద్దుటి సూర్యుడు ఎడమవైపు. రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు, ఎఫ్ సీటు.

విశాఖ వెళ్లేవాళ్లకు రెండువైపులా ఏదో ఒకటి ఉంటుంది. హైదరాబాద్ నుంచి దాదాపు నేరుగా తూర్పుకు ప్రయాణం. ఎడమవైపు ఉత్తరం. భద్రాచలం, మన్యం కొండలు అటువైపు. కుడివైపు దక్షిణం. గోదావరి పాపికొండలు దాటి, ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలి, కోనసీమను పచ్చగా చేసేది అటువైపు. కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట స్థలం కూడా అక్కడే. డెల్టా చూడాలంటే కుడి. కొండలు చూడాలంటే ఎడమ. అయితే చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానికి ఒరిగే ఉంటాడు. కుడి కిటికీలో ఎండ ఎక్కువ. ఎడమ కిటికీలో చూపు హాయిగా ఉంటుంది. ఏది కావాలో ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

మూడో ప్రశ్న. రెక్క ఎక్కడుంది?

సరైన వైపు ఎంచుకుని కూడా రెక్క మీద కూర్చుంటే కనిపించేది రెక్కే. ఎయిర్‌బస్ 320లో సుమారుగా 10వ వరుస నుంచి 20వ వరుస దాకా కిందికి చూస్తే రెక్క అడ్డం వస్తుంది. దానికి ముందయినా కూర్చోవాలి, బాగా వెనకయినా కూర్చోవాలి. ముందైతే మరీ మంచిది. ఇంజన్ల వెనక వేడిగాలి వస్తుంటుంది. రెక్కకు సరిగ్గా వెనక కూర్చుంటే ఆ వేడికి దృశ్యం అలలు అలలుగా కదులుతుంది. ఫొటోలు మసకబారతాయి. ముందు వరుసలకు ధర ఎక్కువ అనిపిస్తే, చివరి అయిదారు వరుసల్లో చూసుకోవచ్చు.

ఏటీఆర్ విమానాల్లో ఈ బాధ లేదు. చిన్న ఊళ్లకు తిరిగే, పంకాలున్న విమానాలివి. వీటి రెక్క కిటికీలకు పైన ఉంటుంది. కాబట్టి నేల ఏ వరుసలోంచయినా కనిపిస్తుంది. పైగా ఇవి తక్కువ ఎత్తులో ఎగురుతాయి. పెద్ద జెట్ 35,000 అడుగుల ఎత్తుకు వెళ్తే, ఏటీఆర్ సాధారణంగా 20,000 అడుగుల లోపే ఉంటుంది. చెరువు గట్లు, రోడ్లు, రైలు వంతెనలు గుర్తుపట్టొచ్చు. జెట్‌లోంచి చూస్తే దూరం ఎక్కువ కనిపిస్తుంది. గాలి పూర్తిగా తేటగా ఉంటే 370 కిలోమీటర్ల అవతల నేలా, ఆకాశమూ కలిసినట్టుంటుంది. ఏటీఆర్‌లోంచి చూస్తే వివరం ఎక్కువ కనిపిస్తుంది. ముందు వరుసల్లో మాత్రం పంకా అడ్డం రావచ్చు. వెనక కూర్చోవడం మేలు.

ఇంకో జాగ్రత్త. కిటికీ సీటు అని రాసి ఉన్నంత మాత్రాన కిటికీ ఉంటుందని నమ్మకం లేదు. బోయింగ్ 737ల్లో రెక్కకు కాస్త ముందు, ఒకచోట కిటికీ బదులు ఉత్త గోడే ఉంటుంది. ఆ గోడ లోపలి నుంచి చల్లగాలి గొట్టం పైకి పోతుంది. ఇక మిగతాచోట్ల, సీట్లు ఎంత దగ్గరగా వేయాలన్నది విమాన సంస్థ ఇష్టం. కిటికీల మధ్య దూరం మాత్రం తయారీ కంపెనీ ఖాయం చేసినది. ఈ రెండూ కలవనిచోట కిటికీ భుజం వెనక్కి పోతుంది. మెడ తిప్పి చూడాల్సి వస్తుంది.

సరే, విమానం దిగేటప్పుడు ఊరు ఏ వైపు కనిపిస్తుంది? దీన్ని చెప్పేది గాలి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగా దిగుతుంది. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. నగరం దానికి ఉత్తరాన. వానాకాలంలో మనకు గాలి పడమర నుంచి వీస్తుంది. కాబట్టి విమానం సాధారణంగా తూర్పువైపు నుంచి వచ్చి, పడమరకు ముఖం పెట్టి దిగుతుంది. అప్పుడు నగరం కుడివైపు. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు నుంచి. అప్పుడు తూర్పుముఖంగా దిగుతుంది. నగరం, హిమాయత్‌సాగర్ ఎడమవైపుకు వస్తాయి. రాత్రిపూట హైదరాబాద్ దీపాలు చూడాలనుకుంటే వానాకాలంలో ఎఫ్, చలికాలంలో ఎ. గాలి ఒక్కో రోజు మాట వినదు. అయినా ఎక్కువ రోజులు ఇలాగే ఉంటుంది.

కాలం సంగతి కూడా చెప్పుకోవాలి. ఆగస్టులో శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు పైనుంచి నురగ చూడాలని చాలామందికి ఉంటుంది. కానీ అప్పుడు మబ్బులు అడ్డం. ఎండాకాలంలో మబ్బులుండవు గానీ, దుమ్ముపొర ఉంటుంది. జలాశయాలు నిండి, వానకు గాలి కడిగినట్టుండేది అక్టోబరు, నవంబరు నెలల్లో. హిమాలయాలకూ వర్షాలు వెనక్కి తగ్గిన ఈ నెలలే మంచివి.

విదేశాల్లో ఉన్నవాళ్లకూ ఇదే లెక్క. అక్కడ విమానం పెద్దదయితే అక్షరాలు మారతాయి. రెండు నడవలుండే బోయింగ్ 777, 787 లాంటి వాటిలో ఎడమ కిటికీ మళ్లీ ఎ సీటే. కుడి కిటికీ మాత్రం చాలా సంస్థల్లో కె సీటు అవుతుంది. అక్కడా ఎ అంటే ఎడమే.

సియాటెల్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యోగాల కోసం, బంధువుల కోసం ఈ రెండు చోట్ల మధ్య రాకపోకలు మామూలే. ఇక్కడి నుంచి పిల్లలను చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలు కూడా ఆ దారిలో ప్రయాణం చేస్తుంటారు. సియాటెల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో నేరుగా దక్షిణాన ఉంది. కాస్కేడ్ పర్వతశ్రేణి ఆ దారికి తూర్పున. అంటే ఎడమ. ఎ సీటులో కూర్చుంటే ఒకదాని తర్వాత ఒకటి అగ్నిపర్వతాలు వస్తాయి. మొదట 4,392 మీటర్ల రెయినియర్. తర్వాత సెయింట్ హెలెన్స్. 1980 మే 18న అది పేలినప్పుడు శిఖరం ఎగిరిపోయింది. ఇప్పటికీ పైభాగం కోసేసినట్టే ఉంటుంది. ఆ తర్వాత హుడ్. ఇంకా దక్షిణానికి వెళ్తే, కుంగిపోయిన అగ్నిపర్వతంలో నీళ్లు నిండి ఏర్పడిన క్రేటర్ లేక్. చివర్లో షాస్తా. మధ్యాహ్నం దాటాక బయల్దేరితే సూర్యుడు పడమరన, వీపువైపు ఉంటాడు. సియాటెల్‌కు తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోవాలి.

సీటు చేతికొచ్చాక చేయాల్సినవి కొన్నే. బయల్దేరేముందు ఫోన్లోకి ఆ దారి మ్యాపును దించుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది. కిటికీ దగ్గర పెడితే కింద ఉన్న నది ఏదో, ఊరు ఏదో అదే చూపిస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేయాలి. ఫోన్ను గాజుకు దగ్గరగా పెట్టాలి గానీ ఆనించకూడదు. ఆనిస్తే విమానం అదురు ఫొటోలోకి వస్తుంది. లేహ్, శ్రీనగర్, పుణె, బాగ్‌డోగ్రా లాంటివి సైన్యం ఆధీనంలోని విమానాశ్రయాలు. అక్కడ నేల మీదా, లేచేటప్పుడూ, దిగేటప్పుడూ ఫొటోలు తీయడం నిషేధం. సిబ్బంది కిటికీ మూయమంటే మూయాల్సిందే.

విమానం దారి మ్యాపు మీద గీతలాగే ఉండకపోవచ్చు. వాతావరణాన్ని బట్టి మారుతుంది. అనుమానం ఉంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో అదే విమానం నిన్నా మొన్నా ఎటు వెళ్లిందో చూడొచ్చు. రెండు నిమిషాల పని.

చివరగా మూడు ప్రశ్నలూ మరోసారి. చూడాల్సింది ఏ వైపు ఉంది? మ్యాపు చెబుతుంది. ఎండ ఏ వైపు ఉంది? గడియారం చెబుతుంది. రెక్క ఎక్కడుంది? సీట్ల పటం చెబుతుంది. మొదటి రెండింటి జవాబులు కలిస్తే ఆలోచించే పనిలేదు. కలవకపోతే, తిరుపతి దారిలో చేసినట్టు, తిరుగు ప్రయాణంలో కలుస్తాయేమో చూడండి.

డబ్బు కట్టి సీటు తీసుకోవడం ఇష్టం లేకపోతే వెబ్ చెక్‌ఇన్ కోసం ఆగండి. మన దేశంలో చాలా సంస్థలు ప్రయాణానికి 48 గంటల ముందు దాన్ని తెరుస్తాయి. తెరిచిన వెంటనే చూస్తే, వెనక వరుసల్లో అదనపు రుసుము లేకుండా ఎ గానీ, ఎఫ్ గానీ ఒక్కోసారి దొరకవచ్చు. అప్పటికి ఏ అక్షరం కావాలో ముందే కాగితం మీద రాసి ఉంచుకోండి. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి.